కొట్టుగదిలోని కంప్యూటరు

గడచిన వేసవి సెలవులలో మా పాఠశాల కొట్టుగదిని ఖాళీ చేయించుచుండగా, విరిగిన బల్లలక్రిందనుండి వన్నె మాసిన పెట్టె యొకటి బయటపడెను. దానిపై టైపు మిషనునకువలె అక్షరముల మీటలును, వాని పైవరుసలో పది ఎఱ్ఱ మీటలును గలవు. పాతసామానులవాడు దాని నప్పటికే తక్కెడలో వేసియుండెను. చుక్కలతో కూర్చిన గుడ్లగూబ గుర్తును చూచి మేము వలదంటిమి. అది బి.బి.సి. మైక్రో యను కంప్యూటరు.

ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి పట్టణమందలి ఏకార్న్ సంస్థవారు, బి.బి.సి. వారి విద్యాప్రసారములకు తోడుగా దీనిని 1981లో వెలువరించిరి. మన ప్రభుత్వమువారు 1984–85లో 'క్లాస్' అను పథకము నారంభించి, కొన్ని ఉన్నత పాఠశాలల కీ యంత్రములనే యొసగిరి. అప్పటికి మేము ఓనమాలు దిద్దుచుంటిమి. తరువాతి దశాబ్దమున క్రొత్తరకములు రాగా ఇవి మూలబడినవి.

ఇట్టి యంత్రము దొరకిన వెంటనే మీట నొక్కరాదు. విద్యుత్తు నందించు భాగములోని కెపాసిటర్లు ఏండ్లు గడచినకొలది బీటలువారి, కరెంటు తగిలినంతనే పొగ చిమ్ముట యీ జాతి యంత్రములకు సామాన్యము. పిల్లలను దూరముగా నుంచి, రేడియోలు బాగుచేయు మిత్రునిచే వానిని మార్పించితిమి. పిమ్మట పాత టెలివిజనునకు తగిలింపగా, కూతవేసి, తన పేరును, 'బేసిక్' అను మాటను తెరపై చూపి నిలిచెను. రెండును రెండును కూడుమనగా నాలుగని చెప్పెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

అసలు చిక్కు అచ్చటనే మొదలయ్యెను. కూడికకు ఎక్కాల పుస్తకము చాలదా? కంప్యూటరుచేత పని చేయించునవి దానికిచ్చు ఆదేశముల వరుసలు, వానినే సాఫ్టువేరందురు. ధవళేశ్వరపు ఆనకట్ట యెంత ఘనమైనను కాలువలు లేనిదే చేనికి నీరందదు గదా! ఈ యంత్రమున బేసిక్ భాష లోపలి చిప్పులో శాశ్వతముగా నున్నది. మనము వ్రాయునది మాత్రము కరెంటు పోగానే మరచిపోవును. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లే. నేటి సెల్‌ఫోనులో తీసిన యొక్క ఛాయాచిత్రమును దాచుటకు ఇట్టివి సుమారు నూఱు కావలెను.

నాడు ఆదేశములను పాటల కేసెట్లపైననే దాచెడివారు. సెకండునకు 1200 కంపనములుగల ధ్వని యొకసారి ఊగిన సున్న. 2400 కంపనముల ధ్వని రెండుసార్లు ఊగిన ఒకటి. వినువారికి కీచురొదయే గాని, యంత్రమునకు పాఠము. మాకు దొరకిన కేసెట్లో! మన డెల్టా తేమకు బూజుపట్టి, టేపు పొరలు ఒండొంటి కంటుకొని యుండెను. పెట్టెకంటె దాని చదువే ముందు చెడినది.

ఈ యంత్రముపై మక్కువగల వారనేకులు, పలుదేశములందు, చెడని కేసెట్ల ధ్వనిని నకలు తీసి భద్రపరచియున్నారు. అట్టివి తీసికొనునపుడు రచయితల హక్కు గమనింపవలెను. పాతదైన మాత్రమున ఊరుమ్మడి సొత్తు కాదు. మాకు కావలసినది యంత్రముతోపాటు నాడు వచ్చిన స్వాగతపు కేసెట్టే గావున, పాడైన మా ప్రతికి మారుగా దాని నకలును సంపాదించితిమి. సెల్‌ఫోను ఇయర్‌ఫోను రంధ్రమునుండి యంత్రము కేసెట్టు రంధ్రమునకు తీగ కలిపితిమి. ధ్వని తక్కువైన వినదు, హెచ్చైన చెదరును. రెండుమార్లు తప్పని చెప్పి ఆగిపోయెను. మూడవమారు ఓపికతో తుదివరకు వినెను.

ఇచ్చట నొక వింత చెప్పవలెను. ఈ యంత్రమును రూపొందించినవారిలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను నిరువురు 1985 నాటికి ఆర్మ్ అను చిప్పును సృజించిరి. నేటి సెల్‌ఫోనులలో నుండునవి మిక్కిలిగా ఆ వంశపువే. మనుమడు తాత చెవిలో పాఠము చెప్పినట్లయ్యెను!

ఆ కేసెట్టులో 'పసుపునది రాజ్యము' అను ఆట గలదు. చీనాదేశపు నదియొడ్డున మూడు గ్రామములు. ఏటిగట్టును కాపాడుట కెందఱు, వరిచేల కెందఱు, దొంగల కాపలా కెందఱు, విత్తనమునకు బుట్ట లెన్ని అని ఋతువు ఋతువునకు యంత్రమడుగును, మనము చెప్పవలెను. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగిన కథలు తాతలవలన విన్న మా పిల్లలకిది ఆటగా తోపలేదు. లంకగ్రామపు బాలిక యొకతె అందఱిని గట్టుపైననే నిలిపెను. గట్టు నిలిచెను, జనులు ఆకలిచే మడిసిరి. మరల ఆడెను. పిమ్మట మమ్ము జూచి, "అయ్యా, ఇందులో పశువుల మాటే లేదేమి? మావాళ్లు ముందు గొడ్లను గట్టెక్కిస్తారు" అనెను.

ఆ ఆట బేసిక్ భాషలో వ్రాయబడినది; ఆజ్ఞాపించిన తన వరుసలన్నిటిని తెరపై విప్పి చూపును. ఆ బాలికయు, ఆమె స్నేహితురాండ్రిద్దఱును, శనివారములందు వానిని నోటుపుస్తకములోని కెక్కించుకొని, పశువులకు చోటు వెదకుచున్నారు.