మొదటి లారీ చేతికి వచ్చినప్పుడు

క్లీనరుగా కొన్నేళ్ళు తిరిగి లైసెన్సు సంపాదించుకొన్న కుర్రవాని చేతిలో యజమాని ఒకనాడు తాళం పెట్టి, "ఇకమీదట ఈ బండి నీది" అంటాడు. ఆస్తి నీదని కాదు, దాని మంచిచెడ్డలు నీవని ఆ మాటకు అర్థం. నామక్కల్, సంకగిరి ప్రాంతాలలో లారీ మీద బ్రతికే కుటుంబాలు మనవారిలోనూ ఉన్నవి గనుక, ఆ మొదటి రోజులను గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

కొత్త డ్రైవరుకు కొత్త బండి దొరకడం అరుదు. మరొకరు నడిపినదే వస్తుంది. సీటు అతని ఒడ్డూ పొడుగుకు కుంగి ఉంటుంది. అద్దాలు అతని కంటికి తిప్పి ఉంటవి. పటానికి దండ వేయడం, నిమ్మకాయ కట్టడం మనవాళ్ళు ఎటూ మరువరు, దానికి మేము అడ్డు చెప్పము. కాని ముందుగా సీటూ అద్దాలూ సర్దుకోవలె. ఎడమ ప్రక్కన మోటారు సైకిలు ఏ అద్దంలోనూ కనబడని చోటు ఒకటి ఉంటుంది. నిలిపిన బండి చుట్టూ క్లీనరును నడిపించి దానిని కనిపెట్టుకోవలె.

పర్మిటు, ఎఫ్.సి., ఇన్సూరెన్సుల తేదీలు కాగితాలలో ఉంటవి. బ్రేకు తొక్కితే బండి ఎటు లాగుతుంది, ఏ చక్రం వేడెక్కుతుంది అన్నవి ఏ కాగితంలోనూ ఉండవు. పాత డ్రైవరు దొరికితే, "అన్నా, దీని గుణమేమిటి?" అని అడగడం చిన్నతనం కాదు. ఇంజను వేసిన వెంటనే కదలక గాలి ముల్లు నిండేదాకా ఆగవలె. ఇంజను ఆపిన తరువాత ఆ ముల్లు గబగబా దిగితే ఎక్కడో గాలి కారుతున్నదన్నమాట.

బెంగుళూరు నుండి సేలం వచ్చే 44వ నెంబరు జాతీయ రహదారిలో, ధర్మపురి దాటినాక తొప్పూరు కనుమ వస్తుంది. డీజిలు కలిసివస్తుందని దిగుడులో న్యూట్రలు వేసి బండిని జారవిడిచే పాడు అలవాటు కొందరికి ఉన్నది. అప్పుడు బరువంతా బ్రేకుల మీదనే పడుతుంది. అవి కాగి పట్టు వదులుతవి. ఏ గేరులో దిగవలెనో కనుమ పైననే నిశ్చయించుకొని ఆ గేరులోనే దిగవలె. మిగిలే ఆ డీజిలు ధర ఎంతని?

అన్నిటికన్న ముఖ్యం నిద్ర. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అన్నది, దూరపు దారులకు అనుమతితో 10 గంటలన్నది, 5 గంటలకొక అరగంట విశ్రాంతి అన్నది. అది ఎంతవరకు జరిగిందో ఏ ధాబా మంచాన్ని అడిగినా చెబుతుంది. నేషనల్ పర్మిటు బండికి ఇద్దరు డ్రైవర్లుండాలనే నియమం కూడ 2018లో పోయింది. ఇప్పుడు స్టీరింగు మార్చుకొనే రెండవ చేయి లేకుండానే చాలా బండ్లు నడుస్తున్నవి. కొత్తగా తయారయ్యే లారీల కేబినులో ఏ.సి. ఉండవలెనన్నారు, సంతోషమే. పాత బండికి మాత్రం ఆ భాగ్యం లేదు.

అందుచేత సీటు వెనుక పడకను మొదటి రోజే ఇల్లుగా చేసుకోవలె. పరుపు, దోమతెర, నీళ్ళ క్యాను, పగటి నిద్రకు అద్దాలకు కట్టే నల్లగుడ్డ కావలె. స్టవ్వు కేబినులో వెలిగించరాదు. తెల్లవారుజామున రెప్ప పడేవేళ టీ కొంతసేపు నిలబెడుతుందేగాని నిద్ర బాకీ తీర్చదు. "నిద్ర వస్తున్నది, బండి ఆపుతున్నాను" అని యజమానితో మొదటి ట్రిప్పులోనే చెప్పవలె. విసుక్కొన్నా అలవాటు పడతాడు. ఆరు నెలల తరువాత చెబితే కొత్త రోగమనుకొంటాడు.

ఇంటివారు గంటగంటకు ఫోను చేసి ఎక్కడున్నావని అడగరాదు. బండి ఆపి అతడే మాట్లాడే వేళ ఒకటి అనుకొంటే సరి. నల్లగుడ్డ తెరలు మిషను ఉన్న ఇంట అరగంట పని. అద్దాల కొలతలు మాత్రం బండి కదలకముందే తీయించుకొనండి.