పాత ఫోర్డు కారుకి రెండు చిన్న కుళాయిలు ఎందుకు?

ఈసారి నేను మోడల్ టి అనే పాత కారు ఇంజను గురించి రాస్తున్నాను. దీన్ని అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908 నుండి 1927 దాకా తయారుచేసింది. మొత్తం కోటీ యాభై లక్షల కార్లు! ఇప్పుడు కూడా కొందరు వాటిని బాగుచేసి నడుపుతున్నారు.

ఇంజను అడుగున, వెనకవైపు రెండు చిన్న కుళాయిలు వుంటాయి. ఒకటి పైన, ఒకటి కింద. చూస్తే ఎందుకూ పనికిరానివి లాగా వుంటాయి. కానీ ఆ కారులో ఆయిలు ఎంతుందో చూపే ముల్లు లేదు, ముంచి చూసే పుల్ల కూడా లేదు. కాబట్టి కారు కిందికి దూరి కుళాయి తిప్పి చూడాల్సిందే. పైదాంట్లోంచి కారితే నిండుగా వున్నట్టు. పైదాంట్లో రాకుండా కిందిదాంట్లో వస్తే ఫర్వాలేదు. కిందిదాంట్లో కూడా రాకపోతే ఇంజను స్టార్టు చెయ్యనే కూడదు.

ఎందుకంటే దానికి ఆయిలు పంపు లేదు. వెనక తిరిగే ఫ్లైవీలు అనే బరువైన చక్రమే ఆయిల్ని చిమ్ముతుంది. అందులో కొంత గరాటులో పడి, సన్న గొట్టం గుండా ముందువైపుకి పారుతుంది. ఆయిలు తగ్గినా, గొట్టంలో పీచు అడ్డం పడినా ముందున్న బేరింగులు పాడవుతాయి. పీచు ఎక్కడిదంటారా? గేర్ల పట్టీలకి నూలు గుడ్డ వుంటుంది, అది అరిగి వూడుతుంది.

రేడియేటరు దగ్గర ఒక తీగ కొస కూడా వుంటుంది. అది చోకు తీగ. ముందు నిలబడి హ్యాండిలు తిప్పేవాళ్ళు అక్కడినించే లాగొచ్చు.

స్టీరింగు కింద ఎడమవైపు లివరు మాత్రం చాలా ముఖ్యం. హ్యాండిలు తిప్పేముందు దాన్ని పైకి జరపాలి. అప్పుడు స్పార్కు ఆలస్యంగా, పిస్టను పైదాకా వెళ్ళాక వస్తుంది. జరపకపోతే పిస్టను ఇంకా పైకి వస్తుండగానే పెట్రోలు మండి, హ్యాండిలు ఎదురు తన్నుతుంది. చేతులు విరిగినవాళ్ళు వున్నారు.

మా వూళ్ళో వాగు నీళ్ళు తోడే ఆయిలింజనుకి కూడా హ్యాండిలే. అది డీజిలుది, స్పార్కు లేదు. పైన చిన్న లివరు వుంటుంది. ఎత్తితే లోపల గాలి నొక్కుకోదు, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాకే దించాలి. మా చిన్నాన్న తొందరపడి ముందే దించితే మణికట్టు విరిగింది. ఆ యేడు పోడు పనంతా అమ్మా, చిన్నమ్మా చేశారు. సెలవులకి వెళ్ళినప్పుడు ఎవరు హ్యాండిలు పట్టినా, ముందు ఆ లివరు ఎత్తి వుందో లేదో నేనే చూస్తాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని