తోలు ఉంగరం నుంచి రబ్బరు పెదవి దాకా: ఆయిల్ సీలు కథ

కర్నూలు, కడప జిల్లాల మెట్టపొలాల్లో కపిల తోలిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఎద్దులు ఏటవాలు దారిలో దిగితే బావిలోని నీళ్లు పైకొచ్చి తోలు తొండంలోంచి కాలవలో పడేవి. నానిన తోలు మెత్తగా వంగుతుంది, నీటిని జారనివ్వదు. ఐరోపాలో యంత్రాల నూనెను ఆపడానికి తొలిరోజుల్లో నమ్ముకున్నదీ ఈ తోలునే.

జర్మనీలోని వైన్‌హైమ్‌లో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ల కంపెనీ 1849లో మొదలైంది. 1929 ఆర్థికమాంద్యంలో తోలు వ్యాపారం దెబ్బతినడంతో అది యంత్రాలకు తోలు సీళ్లు చేయడానికి పూనుకుంది. అక్కడి ఇంజనీరు వాల్టర్ సిమ్మర్ తిరిగే షాఫ్టు కోసం లోహపు తొడుగులో తోలు ఉంగరం బిగించి సీలు తయారుచేశాడు. అయితే ఇంజను వేడికి తోలు ఎండి బిగుసుకుపోయేది. సహజ రబ్బరు వాడదామంటే పెట్రోలియం నూనెలో ఉబ్బి చెడిపోతుంది. 1930ల్లో నూనెకు తట్టుకునే కృత్రిమ రబ్బరు రావడంతో ఆ చిక్కు తీరింది.

మన దేశంలో 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఏర్పడింది. రాజ్‌కోట్ కార్ఖానాలు ఇంగ్లండు లిస్టర్ నమూనాలో ఇంజన్లు పోతపోశాయి. కపిల బావుల గట్ల మీదికి ఆయిల్ ఇంజను వచ్చింది, దాంతోపాటే నూనె కారే తంటా కూడా.

సీలు పనిచేసే తీరు నాకెప్పుడూ అబ్బురమే. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే 40 మిల్లీమీటర్ల షాఫ్టు, సీలు లోపలి అంచు, అంటే రబ్బరు పెదవి కింద సెకనుకు 3 మీటర్లకు పైగా జారిపోతుంది. పొడిగా రాసుకుంటే ఆ పెదవి త్వరగా మాడిపోవాలి. మాడదు. రెంటి మధ్యా మైక్రాను మందాన నూనెపొర ఉంటుంది. బ్రిటన్‌కు చెందిన జాగర్ 1957లో ఈ సంగతిని వివరించాడు. పెదవికి నూనెవైపు వాలు నిటారుగా, గాలివైపు వాలు ఏటవాలుగా ఉంటాయి. ఆ తేడా వల్లే బయటికి రాబోయే నూనె తిరిగి లోపలికి పోతుంది. సీలును తిరగేసి కొట్టారంటే అదే పెదవి నూనెను బయటికి తోడుతుంది. కాబట్టి పెదవిని బిగించే స్ప్రింగు కనిపించే వైపు నూనెకేసి ఉండాలి.

కొత్త సీలు వేసినా కారుతోందంటే సీలును తిట్టే ముందు బ్రీదర్ చూడండి. పిస్టన్ పక్కల నుంచి దిగిన గాలి బ్రీదర్ ద్వారా బయటికి పోవాలి. మన దుమ్ము, జిడ్డు కలిసి దాన్ని మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి, ఎంత మంచి సీలు నుంచైనా నూనె తన్నుకొస్తుంది. కిరోసిన్, బ్రష్షు చాలు దాన్ని కడగడానికి.

తర్వాత ఇంజనంతా తుడిచి, ముఖానికి రాసే పౌడరు చల్లి కాసేపు నడపండి. నూనె కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి పౌడరు తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, ముందు ఉన్నదాన్ని పట్టుకోండి. డ్రైన్ బోల్టు దగ్గరైతే రాగి వాషరు గట్టిపడి ఉంటుంది. జిడ్డు తుడిచి, పట్టకారుతో పట్టుకుని స్టవ్వు మీద ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. మూత దగ్గరైతే పానాతో ఇంకా బిగించకండి, రేకు వంగుతుంది. మందపాటి కాగితాన్ని అంచు మీద పరిచి సుత్తితో మెల్లగా తడితే కొత్త ప్యాకింగు ఆకారం తెగివస్తుంది.

షాఫ్టు దగ్గరే కారుతుంటే అక్కడ గోరు పెట్టి లాగండి. గోరు తగులుకుంటే గాడి పడిందన్నమాట. నాపరాయి దుమ్ములోని కాల్సైట్ కాఠిన్యం మోస్ స్కేలులో 3, అది ఉక్కును పెద్దగా గీకలేదు. తుంగభద్ర, పెన్న ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. ఆ రేణువులు రబ్బరులో నాటుకుని మామూలు ఉక్కును అరగదీస్తాయి. కొత్త సీలు పెదవి ఆ గాడిలోనే కూర్చుంటే కారక మానదు. చోటుంటే సీలును రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి. సరైన కొలత పైపుముక్కతో నలువైపులా సమంగా కొట్టండి, పెదవికి ముందే నూనె రాయండి.

జరపడానికి చోటు లేకపోతే ఇంటి పనిముట్లతో కాదు, లేత్ షాపులో షాఫ్టు మీద స్లీవు (లోహపు తొడుగు) వేయించాల్సిందే. అందాకా రోజూ ఇంజను వేసే ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. నూనె కింది గీతకు తగ్గితే నింపాకే నడపండి.