ఖాళీ టాంకు, ఇంధనపు గేజి

వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో కాపురముండి, డల్లెస్ విమానాశ్రయమునుండి ఏటా స్వదేశమునకు వచ్చిపోవు పాఠకులొకరు ఇట్లడిగినారు: "విమానము బయలుదేరుటకు ముందు ఇంధనమెంత యున్నదో ఎట్లు తేల్చుదురు? ఆ కొలిచెడి పనిముట్టు వలననే అపాయము కలుగునా?" ఈ రెండవ ప్రశ్నకు జవాబు ఆయన ఊరిలోనే, అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి వారి శిక్షణాలయములో, 2003 మొదలు 2021 వరకు 93 అడుగుల పొడవున నిలిచియుండెను.

మొదటిదానిని త్వరగా ముగింతును. టాంకులలో మిగిలిన ఇంధనమునకు క్రొత్తగా పోసినదానిని కూడి, ఆ మొత్తము గేజి చూపు అంకెతో కలియుచున్నదో లేదో పైలట్లు చూతురు. కలియనిచో కొలపుల్లతో కొలిపింతురు. లెక్క లీటర్లలో గాక బరువులో నుండవలెను. ఏలయన ఎండకు కిరోసిను పొంగునే గాని అందలి శక్తి పెరుగదు. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767లో గేజి చెడియుండగా, పుల్లతో కొలిచినవారు లీటరుకు 0.8 కిలోగ్రాములనుటకు మారుగా పౌనుల లెక్కయైన 1.77తో గుణించి, కావలసినదానిలో సగమైనను లేక విమానమును పంపిరి. నడిమింట ఇంజన్లాగిపోగా అది గిమ్లీ అను పాత సైనిక విమానక్షేత్రమున వాలి, అందరును బ్రతికిరి.

ఇక గేజి సంగతి. టాంకులో ఒకదానిలో నొకటి యిమిడిన రెండు లోహపు గొట్టములను నిలిపి, వాని నడుమ ఎంత విద్యుదావేశము నిలుచునో కొలుతురు. గాలి యున్నచోట నిలుచుదానికి కిరోసిను నిండినచోట రెండింతలకు పైగా నిలుచును గనుక, మట్టము పెరిగినకొలది అంకె పెరుగును. ఇందలి చమత్కారమేమనగా, వేడికి కిరోసిను పలుచనైనప్పుడు దాని ఈ విద్యుద్గుణము కూడ తగ్గి, పెరిగిన మట్టము చూపబోయిన అబద్ధమును చాలవరకు తానే దిద్దును. కదలెడి భాగమొక్కటియు లేదు. తీగలలో పారు శక్తి నిప్పు రాజవేయుటకు చాలనంత స్వల్పము. ఇంతకంటె నిరపాయమైన సాధనముండదని నిర్మాతలు నమ్మిరి.

1996 జులై 17న న్యూయార్కునుండి పారిస్‌కు బయలుదేరిన టీడబ్ల్యూఏ 800 అను విమానము, ఎగిరిన పండ్రెండు నిమిషములకే పేలిపోగా, 230 మంది మరణించిరి. దాదాపు 13,000 గ్యాలన్లు పట్టు దాని నడిమి టాంకులో నున్నది సుమారు 50 గ్యాలన్లు. టాంకు క్రిందనే శీతలయంత్రములు పనిచేయుచు వేడిని విడుచుచుండెను. పొయ్యిపై నూనె పూత మాత్రమున్న బాణలివలె ఆ కొద్ది కిరోసిను వేగముగ కాగి ఆవిరియయ్యెను. పైకెగిరినకొలది వాయుపీడనము తగ్గి, ఆవిరి అంటుకొనుట మరింత సులువయ్యెను. నిండు టాంకుకంటె ఖాళీ టాంకే భయంకరము!

మరి నిప్పెక్కడిది? క్షిపణి కొట్టినదని కెనెడీ కాలపు పత్రికా కార్యదర్శి పియరీ సాలింజర్ అంతటివాడు చాటెను, లోకము నమ్మజూచెను. సముద్రగర్భమునుండి తీసిన శకలములను కూర్చి చూచిన మండలి (ఆష్‌బర్న్‌లో నిలిచియుండినది ఆ కూర్పే) మాత్రము 2000లో వేరు నిర్ణయము చేసెను: నిశ్చయముగ తేల్చలేము గాని, టాంకు వెలుపల తీగలు రాచుకొని, గేజి తీగల వెంట అధిక వోల్టేజి లోనికి ప్రవేశించియుండుటయే మిక్కిలి సంభావ్యము. దీపముల తీగలును గేజి తీగలును ఒకే కట్టలో పోవుచుండెను. నన్ను పట్టి కుదిపినది మరియొక సాక్ష్యము: నేలపై ఇంధనము పోయుచోటి గేజి ఆ టాంకులో 300 పౌనులని చూపగా, శిథిలములలో దొరికిన కాక్‌పిట్ గేజి 640 దగ్గర నిలిచియుండెను; గేజి తీగలలో అన్య విద్యుత్తు చొరబడియుండుననుటకు ఇది సూచన.

సామాన్య జనుల ఊహలకంటె ఇంజనీర్ల పొరపాటే నాకు పెద్దదిగా తోచును. నిప్పురవ్వను రానీయకున్న చాలును, ఆవిరి ఉన్ననేమి అని దశాబ్దములు వాదించిరి. తీగ పాతబడునన్న సంగతి ఆ వాదమున కెక్కలేదు.

ఉపాయము కష్టమైనదేమియు గాదు. ఇంజనునుండి తీసిన గాలిని సన్నని బోలు పోగులగుండ పంపిన, ఆక్సిజను ప్రక్కలకు జారిపోయి నైట్రజను మిగులును. దానిని టాంకులోనికి వదలి ఆక్సిజనును నూటికి 12 వంతులకు తగ్గించిన, రవ్వ పుట్టినను మంట పుట్టదు. నైట్రజనుతో టాంకులను కాపాడు పద్ధతి సైనిక విమానములలో మున్నే యుండెను. అయినను టాంకులలోని ఆవిరిని అదుపుచేయవలెనను నిబంధనను అమెరికా ప్రభుత్వము 2008లో గాని తుదిరూపమునకు తేలేదు. అంతవరకు ఖర్చు లెక్కలు సాగుచునే యుండెను.