వేఁటకాని పేళ్లు, వేఁటకాని వేషము

అమరసింహుఁడు నామలింగానుశాసనమున వేఁటకానికి వ్యాధుఁడు, మృగవధాజీవుఁడు, మృగయువు, లుబ్ధకుఁడు అని నాలుగు పేళ్లు చెప్పినాఁడు. ఇవి పర్యాయపదములే యైనను వీని యవయవార్థములు వేఱువేఱు. తాడనార్థకమైన వ్యధధాతువునకు ణప్రత్యయము చేరఁగా వ్యాధశబ్ద మేర్పడినది. కొట్టువాఁడని దాని యర్థము. రెండవ పేరు జీవనోపాయమును దెలుపును. మృగధాతువునకు వెదకుట యర్థము. ఉణాదిసిద్ధమైన మృగయుశబ్దము వెదకువానిని జెప్పును. మృగయ యను పదమునకును ధాతువిదియే. లుభధాతువునకు మిక్కిలి యాశపడుట యర్థము. కావున లుబ్ధకుఁడు దురాశ గలవాఁడు. ఒకే పని చేయువానిని లోకము వెదకువాఁడనియు దురాశాపరుఁడనియు నేల పిలిచినది? కావ్యేతిహాసములలోని వేఁటకథలు దీనికి సమాధానము చెప్పుచున్నవి.

కాళిదాసు రఘువంశ నవమసర్గమున దశరథుని వేఁటవేషమును వర్ణించినాఁడు. రాజు సిగను వనమాలతో ముడిచి, చెట్ల యాకుల వన్నెగల కవచమును దొడిగెను. ఈ వన్నె మృగములకు నమ్మకము కలుగుటకని తెలుఁగుదేశపు వ్యాఖ్యాత మల్లినాథసూరి వివరించినాఁడు. అడవితోఁ గలిసిపోవు వేషమును జూచి మృగము బెదరదని భావము. రాజు ప్రవేశింపకముందే కుక్కలవారును వలలవారును అడవిఁ జొచ్చి, కార్చిచ్చును దొంగలను లేకుండఁ జేసిరని యచ్చటనే కలదు. అర్థశాస్త్రమునను రాజు వేఁటకుఁ బోవు నడవిలో దొంగలవలని, క్రూరజంతువులవలని భయమును ముందే తొలఁగింపవలయునని విధింపఁబడినది. కౌటిల్యుఁడు మృగయను వ్యసనములలోఁ జేర్చియు, దానివలన శరీరవ్యాయామమును, కదలు గుఱిని గొట్టు నభ్యాసమును, మృగముల కోపభయముల నెఱుఁగు శక్తియుఁ గలుగునని యొప్పుకొనెను.

ఇందు వేఁటకాని రక్షణము చక్కఁగా నాలోచింపఁబడినది. కాని యడవిలో వేఁటకాఁడొక్కఁడే యుండఁడు. ఆకువన్నె కవచము రాజును మృగమునుండి దాఁచునే కాని, అచ్చటనున్న యితరుని రాజబాణమునుండి కాపాడదు. ఆ సర్గము చివరనే యీ కొఱఁత బయలుపడినది. నీటిలో మునుఁగు కుండచప్పుడు ఏనుఁగు ఘీంకారముగాఁ దోఁపఁగా దశరథుఁడు బాణము విడిచెను. ఏనుఁగును జంపుటయే రాజునకు నిషిద్ధమని కాళిదాసు మందలించినాఁడు. వాల్మీకి రామాయణమున నీ కథ సరయూతీరమున రాత్రివేళ జరిగినది. దెబ్బతిన్న మునికుమారుఁడు జడలు దాల్చి, నారచీరయు నజినమును ధరించినవాఁడు. కన్ను చూచియున్నచో నా వేషము వాని నెఱుకపఱచి యుండును. చెవి కా శక్తి లేదు. యౌవనమున శబ్దవేధియన్న కీర్తి కాశపడి యా పాపము చేసితినని దశరథుఁడే కౌసల్యతోఁ జెప్పుకొనెను. లోభము మాంసమునందే కాదు, పేరునందును గలదని దీనివలన స్పష్టము.

మౌసలపర్వమున జరుఁడను వేఁటకానిని వ్యాసుఁడు లుబ్ధకశబ్దముతోనే వ్యవహరించినాఁడు. యోగమున శయనించియున్న కృష్ణుని మృగమని భ్రమించి వాఁడు పాదమునఁ గొట్టెను. మృగమును బట్టుకొనఁ బోయి, పీతాంబరధారియైన పురుషునిఁ గనుఁగొనెను. ఆ వస్త్రము బాణము తగులకముందును ఆయన మేననే యున్నది. తఱువాతఁ జూచినదానిని ముందు చూడకపోవుటయే జరుని యపరాధము.

శాకుంతలమున దీనికిఁ బ్రతికూలమైన యుదాహరణము కలదు. ఇది యాశ్రమమృగము, చంపరాదని వైఖానసుఁడు చేయెత్తి వారింపఁగానే దుష్యంతుఁడు బాణము నుపసంహరించి, చక్రవర్తియగు కుమారునిఁ బడయుమను నాశీస్సు నందెను. పిమ్మట నాభరణములను ధనుస్సును సారథి కప్పగించి, వినీతవేషముతోఁ దపోవనమును జొచ్చెను. అడవిలోని వేషము వేఱు, జనులలోని వేషము వేఱు అని యతఁ డెఱిఁగినవాఁడు.

నేఁడు అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో, తుపాకితో వేఁటాడు పలువేళల, వేఁటకాండ్రు కన్నులకుఁ గొట్టవచ్చునట్టి నారింజవన్నె వస్త్రమును ధరింపవలయునని శాసనము కలదు. మనుష్యుని కంట వర్ణములను గ్రహించు కణములు మూఁడు తెఱఁగులు. జింకల కంట రెండే. కావున మనుష్యునకు దూరమునుండియే తెలియు నా వన్నె జింకకు స్ఫుటముగాఁ గానరాదు. మల్లినాథుఁడు చెప్పిన మృగవిశ్వాసమును జెడదు, తోడి వేఁటకాని ప్రాణమును నిలుచును. అయినను కట్టె లేఱుకొనువాఁడును, నీళ్లకు వచ్చిన బాలుఁడును ఆ వస్త్రమును ధరించి రారు. వారి రక్షణము వస్త్రమునందు లేదు. గుఱి చూచువాని కంటనే యున్నది.

భారతదేశమున 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణశాసనమును, 1991 నాఁటి దాని సవరణమును, ప్రత్యేకసందర్భములందుఁ దక్క, వన్యమృగముల వేఁటను నిషేధించినవి. అయినను నీ శబ్దవిచారము వ్యర్థము కాదు. ఆయుధము చేఁబట్టిన వానికెల్ల నిది వర్తించును. ఎదుట నున్నది యేదో తెలియువఱకు వెదకి, తెలియనిచో బాణము దించువాఁడు మృగయువు. తెలియకముందే విడుచువాఁడు, ఎంతటి వంశమున నెంతటి కీర్తితోఁ బుట్టినను, లుబ్ధకుఁడే.