నరసాపురము పాఠశాల చెప్పు పాఠము

వసిష్ఠగోదావరి సముద్రమును చేరుచోటికి చేరువనున్న నరసాపురము పెద్ద పట్టణము కాదు. పూర్వము మాధవాయపాలెపు రేవునుండి ఓడలకెక్కిన వస్త్రములవలనను, పిమ్మట స్త్రీల చేతి అల్లికలవలనను దాని పేరు దూరదేశములకు ప్రాకినది. అయినను ఆ పట్టణమునకు వీనికంటె ముఖ్యమగు కీర్తి వేరొకటి కలదు. పాఠశాలకు వలయు ధనమును ప్రజలే యిచ్చుకొనుట యెట్లు, ఇచ్చినవారికి దానిపై అధికార మెంత, అను ప్రశ్నలు తెలుగుదేశమున తొలుత స్పష్టముగా పొడసూపిన తావులలో నరసాపుర మొకటి. అచ్చటి టైలరు ఉన్నతపాఠశాల పేరే అందుకు సాక్ష్యము.

కుంఫిణీవారి రాకకు పూర్వము మనకు చదువులు లేవనుట సత్యము కాదు. గవర్నరు మన్రో విచారణ చేయించి, 1826లో వ్రాసిన లేఖలో, చెన్నపురి రాజధానియందు 12,498 పాఠశాల లున్నట్లు లెక్క చూపెను. అవి వీధిబడులు. పంతులునకు జీతము లేదు. పిల్లల తలిదండ్రు లిచ్చునదే జీతము. మన్రో తహసీలుపాఠశాలలను నెలకొల్ప నుద్దేశించెను గాని, ఆయన గతించిన కొలది సంవత్సరములకే ఆ పథకము మూలబడెను. పాతబడులు క్షీణించినవి, క్రొత్తవి రాలేదు. పైగా 1833 నాటి కరవు తీరమండలములను కుంగదీసెను. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతో గోదావరి డెల్టా మరల తేరుకొన మొదలిడెను. కాలువనీరు పారినచోట పంట పండినది. పంట పండినచోట తన బిడ్డ చదువుకొనవలెనను కోరిక రైతునకు కలిగినది.

ఆ దశకముననే రాజమహేంద్రవరమండలపు సబ్‌కలెక్టరగు జి. ఎన్. టైలరు నరసాపురమున పాఠశాల నెలకొల్పుటకు తోడ్పడెను. దానిని చూచి పాలకొల్లు, పెనుగొండ, ఆచంట వాసులును తమకు పాఠశాలలు కావలెనని కోరిరి. అంతటితో నిలువక చుట్టుపట్టుల గ్రామములవారు తమ యూరనే తెలుగుబడి యుండవలెనని అడిగి, అందులకగు వ్యయమును తమ సిస్తుతో కలిపి వసూలు చేసికొనుడని చెప్పిరని ఆనాటి ప్రభుత్వలేఖలు తెలుపుచున్నవి. ఊరిలో తెలుగుబడి, పట్టణమున పెద్దపాఠశాల, రెంటికిని నడుమ మెట్లు: ఇదియే ఆ యేర్పాటు. ఇందు ముఖ్యమైన విషయ మొక్కటి కలదు. పన్ను ఏ యూర పుట్టెనో ఆ యూరనే బడియై కనుపించెను. తానిచ్చిన కాసు ఏమయ్యెనో రైతు తన కన్నులతో చూడగలిగెను.

అయినను మే మీ వృత్తాంతమును స్తుతిపాఠముగా చదువజాలము. సిస్తు వసూలు చేయు అధికారియే యెదుట నిలిచి యడిగినపుడు రైతు నోట వచ్చు ‘చిత్త’మను మాట యెంతవరకు సమ్మతి, యెంతవరకు భయము? ఈ సందేహమునకు తరువాతి చరిత్రమే ఉత్తరము చెప్పినది. 1854 నాటి విద్యాలేఖ గ్రామవిద్యకు సహాయ మీయవలెనని యుపదేశించెను. 1859లో స్టాన్లీప్రభువు పంపిన లేఖ దేశభాషావిద్యకొరకు నిర్బంధపుపన్నును గూర్చి ప్రస్తావించెను. గ్రామస్థులు తమపై తాము విద్యాపన్ను విధించుకొనుటకు వీలుగా 1863లో చెన్నపురి ప్రభుత్వము 6వ శాసనమును చేసెను. గోదావరిమండలమున తప్ప ఆ శాసన మన్యత్ర వేళ్లూనలేదు. గోదావరిమండలమందును అది జనాదరణమును నిలుపుకొనజాలలేదు. కోరి యిచ్చినది కట్టితీరవలసిన పన్నుగా మారినతోడనే ప్రీతి పోయెను. 1871లో స్థానికనిధుల శాసనము వచ్చినపిదప బాటకును, వైద్యశాలకును, బడికిని వలయు సొమ్ము లొక్క నిధిలో కలిసెను. సొమ్ము మాత్రము చేరుచుండెను. సొమ్మిచ్చినవానికిని బడికిని నడుమనున్న చూపు తెగిపోయెను.

మరియొక లోపమును దాచరాదు. ఆనాటి పాఠశాలల వాకిలి అందరికిని సమముగా తెరవబడి యుండలేదు. పొలము దున్ని పంట పండించిన పాలేరుబిడ్డకు ఆ పంటసిస్తుతో నడచు బడిలో చోటు దొరకుట అరుదు. ఆడుబిడ్డలమాట చెప్పనేల! కందుకూరి వీరేశలింగముపంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పినది 1874లో. అనగా ఆనకట్ట ముగిసిన యిరువదిరెండేండ్లకు, ఆ ఆనకట్ట యున్న గ్రామముననే, బాలికలకు బడి కావలెనని వాదించి సాధింపవలసి వచ్చినది.

ఇక నరసాపురపు పాఠశాలకు మిక్కిలి వన్నె తెచ్చినది పరీక్షల జాబితాలు కావు. తండ్రి చనిపోగా పినతండ్రి యండ పెరిగిన అల్లూరి శ్రీరామరాజు టైలరు పాఠశాలలో కొంతకాలము విద్యార్థి. ఆయన చదువు ఒకచోట కుదురుకొనలేదు. పట్టము లేవియు నందలేదు. కాని 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణాపై దాడి చేసి, 1924 మే 7వ తేదీన ప్రాణములర్పించువరకు, మన్యప్రజల పక్షమున తెల్లదొరతనము నెదిరించి నిలిచినవా డాయనయే. ఆంగ్లాధికారి పేరు పెట్టుకొన్న పాఠశాలలో కూర్చుండిన బాలు డాంగ్లాధికారమునకే యెదురుతిరుగుట వింత యని కొంద రందురు. మాకు వింతగా తోపదు. పాఠశాలకు పేరు పెట్టినవారు, పాఠక్రమము వ్రాసినవారు ఎవరైనను, బాలుని హృదయమున మొలకెత్తుదానిని వారు శాసింపజాలరు.

నేటిమాట విచారింతము. 2004 నుండి ఆదాయపుపన్నుపైని విద్యకొరకు నూటికి రెండు చొప్పున ఉపపన్ను వసూలగుచు వచ్చెను. 2018 నుండి ఆరోగ్యమునకును విద్యకును కలిపి నూటికి నాలుగు చొప్పున వసూలగుచున్నది. అది ఢిల్లీకి పోవును. నరసాపురమున పన్ను కట్టినవానికి తన కాసు నరసాపురపు బడికి వచ్చెనో లేదో తెలియు మార్గము లేదు. 1871లో తెగిన చూపు ఇంకను అతుకలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చి, ప్రభుత్వపాఠశాలలకు నిర్వాహకసంఘము లుండవలెననియు, సభ్యులలో ముప్పాతికమంది తలిదండ్రులు కావలెననియు, సగముమంది స్త్రీలు కావలెననియు విధించినది. ఆనాడు రైతునకును ఆడుబిడ్డ తల్లికిని దొరకని అధికారమును చట్ట మీనాడు చేతికిచ్చినది. ఆ సంఘము సంతకములు చేయుటకే సమావేశమైనచో చట్టమున్నను లేకున్నను ఒక్కటియే.

కావున మా మనవి యిది. ప్రతి చిన్నపట్టణమందును పాతపాఠశాల యొకటి యున్నది. దాని స్థలమును, సొమ్మును ఇచ్చినవా రెవ్వరో, వాకిటిలో నిలిచిపోయినవా రెవ్వరో పట్టణవాసులు విచారించి వ్రాసియుంచవలెను. ఏటేట వచ్చిన ధన మెంత, వ్యయమైన దెంత యని లెక్కలు బడిగోడపై అందరును చదువునట్లు తెలుగున వ్రాయింపవలెను. తలిదండ్రులు సంఘసభలకు పోయి ఆ లెక్కలను అడుగవలెను. గోదావరితీరపు రైతులు విద్యకొరకు ధన మిచ్చుట నేర్పిరి. ఇచ్చినదానికి లెక్క యడుగుట మనము నేర్వవలసియున్నది.