స్మోకర్‌లో వేడి మీ కంట్రోల్‌లో ఉండాలంటే: ఫ్యాన్ కంటే ముందు ప్రోబ్ కొనండి

ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్‌ని తిడతాం. బార్బెక్యూ స్మోకర్ వేడెక్కితే తిట్టాల్సింది బొగ్గుని కాదు, లోపలికి వెళ్తున్న గాలిని. టెక్సాస్ స్టైల్ బ్రిస్కెట్, అంటే ఆవు రొమ్ము మాంసం, 225 డిగ్రీల ఫారెన్‌హీట్ (107 సెల్సియస్) దగ్గర పది పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉండాలి. రాత్రి పెడితే మధ్యాహ్నం భోజనానికి వస్తుంది. మీరు నిద్రపోతున్నప్పుడు మంట ఆరిపోతే ఖరీదైన ముక్కతో పాటు, పిలిచిన చుట్టాల భోజనం కూడా పోయినట్టే.

మూత మీద ఉండే డయల్ మీటర్‌ని నేను అస్సలు నమ్మను. అది చూపించేది పైన చేరిన గాలి వేడి. మాంసం ఉండేది కింద జాలీ మీద. అందుకే రెండు ప్రోబ్‌ల డిజిటల్ థర్మామీటర్ ఉండాలి: ఒకటి జాలీకి, ఇంకోటి మాంసంలోకి. కొన్నాక ఐసు నీళ్లలో పెట్టి చూడండి, సున్నా సెల్సియస్ రావాలి. మరిగే నీళ్లతో చూస్తే మాత్రం ఊరి ఎత్తు లెక్కలోకి తీసుకోండి. డెన్వర్‌లో నీళ్లు 95 దగ్గరే మరుగుతాయి!

ఇక ఫ్యాన్ కంట్రోలర్. జాలీ ప్రోబ్ రీడింగ్ చూసి, కింది రంధ్రం నుంచి ఎంత గాలి ఊదాలో ఇది నిర్ణయిస్తుంది. లోపల నడిచేది 3డీ ప్రింటర్లలో ఉండే పీఐడీ లెక్కే. సొంతంగా చేసుకునేవాళ్లకి రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే హీటర్‌మీటర్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది. మూత తీస్తే వేడి ఒక్కసారిగా పడిపోతుంది కదా, అప్పుడు ఫ్యాన్ రెచ్చిపోకుండా కాసేపు ఆపే ఏర్పాటు కూడా అందులో ఉంది. నాకు బాగా నచ్చిన ఫీచర్ ఇదే.

కానీ ఒక్క మాట. ఫ్యాన్ గాలి ఇవ్వగలదు, తీసేయలేదు. మూత సందుల్లోంచి గాలి దూరుతుంటే ఎంత ఖరీదైన కంట్రోలరైనా చేతులెత్తేస్తుంది. ముందు ఆ సందులు మూయండి.

చాలామందిని భయపెట్టేది వేరే ఉంది. మాంసం లోపలి వేడి 150, 160 ఫారెన్‌హీట్ దగ్గర గంటల తరబడి కదలదు. గ్యాడ్జెట్ పాడవ్వలేదు, మంటా తగ్గలేదు. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, మాంసం మీది తడి ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. బొగ్గు పెంచకండి. తొందరుంటే బుచర్ పేపర్‌లోనో ఫాయిల్‌లోనో చుట్టేయండి. లోపల 203 దగ్గరికి వచ్చాక ప్రోబ్ వెన్నలోకి దిగినట్టు దిగితే అయిపోయినట్టే.

బడ్జెట్ తక్కువైతే కంట్రోలర్ తర్వాత చూసుకోండి. థర్మామీటర్ మాత్రం వైఫైదే తీసుకోండి. పెరట్లోంచి బెడ్‌రూమ్ దాకా బ్లూటూత్ అందకపోతే, అలారం మోగేది ఎవరి కోసం?